బొట్టు పెట్టిన ప్యానెళ్లు

మొన్న సంగారెడ్డిలో ఒక ఐటీఐ వాళ్లు పిలిస్తే వెళ్లాను. ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకు సోలార్ ప్యానెళ్ల గురించి గంటసేపు చెప్పాలి. చెప్పాను. బోర్డు నిండా బొమ్మలు గీశాను. చివర్లో ఏమైనా ఉంటే అడగండి అన్నాను. వెనక బెంచీలోంచి ఒకతను లేచాడు.

"సార్, ఒక ముచ్చట అడుగుతా. కోపం చెయ్యొద్దు."

"అడుగు నాయనా."

"పటాన్‌చెరు దిక్కు ఏదో అట్టపెట్టెల కంపెనీల దసరాకు సోలార్ ప్లేట్లకు బొట్లు పెట్టిండ్రట. ప్లేట్లు కడిగే ఆమెకు మొగడు లేడట. ఆమె పోయి ఆ బొట్లు చెరిపిందట. అప్పుడు ఆ కంపెనీ సారు ఏమన్నడో ఎర్కేనా సార్? 'నీకు లేదని వాటికి గూడ లేకుంట చేస్తున్నవా' అన్నడట!"

క్లాసంతా ఘొల్లుమంది. నవ్వు ఆగాక అతను పూర్తిచేశాడు. "ఎండాకాలం రాంగనే ప్లేట్లు భగ్గుమన్నయట సార్. ఒకాయన చెయ్యి గూడ కాలిందట. నిజంగ బొట్టు చెరిపితే కాలుతయా సార్?"

నా చేతిలో చాక్‌పీసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేశాను. ఆ మాట ఏ సారు అన్నాడో నాకు తెలుసు. ఒక రేకుల కప్పు మీద, నలుగురు వింటుండగా అన్న మాట అది. ఈ అబ్బాయి అప్పటికి చిన్న బడిలో చదువుకుంటూ ఉండాలి. నేను అన్నది దాదాపు అన్నట్టే, ఎక్కడా పోకుండా, ఇన్నేళ్లు నోటి నుంచి నోటికి తిరిగి నా ముందుకే వచ్చి నిలబడింది. నవ్వు వచ్చే చోట సరిగ్గా నవ్వు కూడా వచ్చింది.

"అలాంటిదేం లేదు, కూర్చో" అన్నాను. బోర్డు తుడిచేసి బయటికి వచ్చాను.

ఆ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసింది నేను. ఆ సారు నేనే. ఆ కథ మాత్రం తప్పు. అందులో ఒక మనిషి మీద నింద ఉంది, ఆ నింద ఇంకా ఈ చుట్టుపక్కల టీకొట్ల దగ్గర బతికే ఉంది. రేపు ఈ ఫ్యాక్టరీల్లోనే పనికి చేరబోయే మీరు అసలు జరిగింది తెలుసుకోవాలి. ఎవరి పేరూ రాయను. నాదీ రాయను, అది సిగ్గుతో కాదని చెప్పలేను.

మాది కృష్ణా జిల్లా వైపు. మా నాన్న ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను క్వార్టర్స్‌లో పెరిగి, డిప్లొమా చేసి, పటాన్‌చెరు చుట్టూ మూడు నాలుగు కంపెనీలు మారి చివరికి ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కుదురుకున్నాను. మందుల కంపెనీలకు పెట్టెలు చేసేవాళ్లం. మోటార్లు, బాయిలర్, కంప్రెసర్ అన్నీ నా కింద ఉండేవి. మోటారు పాడయ్యేముందు దాని గొంతు మారుతుంది. నాకు ఆ గొంతులు తెలుసు. అలా వినడం చేతనైనందుకే నాకు పేరొచ్చింది.

అలాంటి నా నెత్తిమీదికి, అంటే గోడౌన్ కప్పు మీదికి, సోలార్ ప్యానెళ్లు వచ్చాయి. బిగించిన కంపెనీ వాళ్లు ఒక పూట కూర్చోబెట్టి చెప్పారు. ప్యానెల్లో నీలంగా కనపడే ఒక్కో చతురస్రం ఒక సెల్. సన్నటి సిలికాన్ బిళ్ల, మన అరచేతి కంటే కాస్త పెద్దది. అందులో రెండు పొరలు. అవి కలిసే చోట ఎప్పుడూ ఒక తోపు, అంటే ఒక వైపుకు నెట్టే బలం, ఉంటుంది. ఎండ పడితే సిలికాన్ ఆ వెలుతురును మింగి, తనలో కట్టేసి ఉన్న ఎలక్ట్రాన్‌ను వదిలిపెడుతుంది. వదిలినది ఎటుపడితే అటు పోకుండా ఆ తోపు దాన్ని ఒకే వైపుకు నెడుతుంది. పైనున్న సన్నటి వెండి గీతలు దాన్ని పోగుచేసి బయటికి పంపుతాయి. అదే కరెంటు.

విన్నాను, తలూపాను. కానీ తిరిగేది లేదు, మరిగేది లేదు, చప్పుడు లేదు. చప్పుడు చేయని యంత్రాన్ని నేను యంత్రంలా చూడలేదు. ఎండబెట్టిన చాపలా చూశాను. చాపలో ఓ మూల తడిస్తే ఆ మూలే తడుస్తుంది, మిగతాది ఎండుతుంది. ప్యానెల్ కూడా అంతే అనుకున్నాను. ఎంత మేర నీడ పడితే అంత మేర కరెంటు తగ్గుతుంది, అంతకంటే ఏముంటుంది? ఈ అనుకోవడం దగ్గరే అంతా మొదలైంది.

మా దగ్గర దసరాకు ఆయుధ పూజ ఘనంగా చేసేవాళ్లం. కటింగ్ మెషిన్ నుంచి ఫోర్క్‌లిఫ్ట్ దాకా, చివరికి గేటు దగ్గర తూకం కాటాకు కూడా పసుపు, కుంకుమ, బంతిపూలు. నేనే ముందుండి చేయించేవాణ్ని. ప్యానెళ్లు వచ్చిన మొదటి దసరాకు వాటికి మామూలు కుంకుమ పెట్టాం. మరుసటి వారం కడుగుడుకు కొట్టుకుపోయింది. మా మేనేజర్ పైకొచ్చి చూసి, "అన్ని యంత్రాలకూ ఏడాదంతా బొట్టు కనపడుతుంది. ఇవి మాత్రం బోసిగా ఉన్నాయేంటండీ" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండో దసరాకు గోడలకు రంగులు వేసే పెయింటర్ని పైకెక్కించాను. ఎనామిల్ పెయింటుతో అరచేతి వెడల్పున పసుపు గుండ్రం, దాని నడుమ ఎర్రటి బొట్టు. కింద నిలబడి ఫొటో తీసినా కనపడాలని ముందు రెండు వరుసల్లో ఉన్న ప్రతి ప్యానెల్‌కూ పై మూల ఒకే చోట వేయించాను.

మా ఫిట్టర్ ఒకాయన ఉండేవాడు, జోగిపేట వైపు మనిషి. నా కంటే కొంచెం చిన్న. నిచ్చెన పట్టుకుని చూస్తూ, "సార్, గింత పెద్ద బొట్టు మా అత్తమ్మ గూడ పెట్టుకోదు" అన్నాడు.

"నీ పని నువ్వు చూడు. దేవుడి దగ్గర పరాచికాలా?"

"దేవుణ్ని ఎందుకంట సార్, నేను మా అత్తమ్మనే అంటున్న."

అందరం నవ్వాం. కొబ్బరికాయ కొట్టాం. ఆ పూజకు ఒక్కరే దూరంగా నిలబడ్డారు. ప్యానెళ్లు కడిగే ఆమె.

ఆమెది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. నలభై దాటి ఉంటుంది. భర్త పోయాక తమ్ముడి ఇంట్లో ఉంటూ షేర్ ఆటోలో పనికొచ్చేది. పొడుగు కర్రకు బ్రష్షు, పైపు, బకెట్టు. పొద్దున్నే, ఎండ ముదరకముందే కప్పెక్కి కడిగేది. పూజ రోజు మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఫిట్టర్ పిలిచాడు. "అక్కా, గాడ నిలబడ్డవేంది? రా, ప్రసాదం తీస్కో."

"నేను రావొద్దు తమ్మీ. నువ్వే గీడికి తే" అంది.

నేను విన్నాను. రా అమ్మా ఫర్వాలేదు అనలేదు. ఆమె పద్ధతి తెలిసిన మనిషి అనుకుని మెచ్చుకున్నాను కూడా.

చలికాలం వచ్చింది. సోలార్ మీటరు చూస్తే కరెంటు తగ్గుతోంది. చలికాలం కదా అనుకున్నాను. అంతకు ముందటి చలికాలంతో పోల్చి చూస్తే అప్పటికంటే బాగా తక్కువ. మేనేజర్ అడగడం మొదలుపెట్టారు. మా చుట్టూ లారీలు తిరిగే మట్టిరోడ్డు ఉంది, దుమ్ముకు కరువు లేదు. దుమ్మే కారణం అని తేల్చేశాను. ఆమెను పిలిచి గట్టిగానే చెప్పాను.

"ఏమ్మా, పైపైన నీళ్లు చల్లి పోతున్నావా? కరెంటు సగం పడిపోతోంది. రేపట్నుంచి అద్దం మీద ఒక్క మరక కనపడకూడదు. అర్థమైందా?"

"మంచిగనే రుద్దుతున్న సారూ. ఇంక గట్టిగ రుద్దుత" అంది.

కొన్నాళ్లకు ఒక ఉదయం కప్పెక్కితే ఆమె రెండో వరుసలో వంగి కూర్చుని ఉంది. పెయింటర్ వదిలేసిన, రంగు కరిగించే థిన్నర్ డబ్బా పక్కన ఉంది. చేతిలో గుడ్డ. ఆ వరుసలో సగం ప్యానెళ్ల మీద బొట్లు లేవు. అద్దం తళతళలాడుతోంది.

నాకు ఒళ్లు మండింది. ఫిట్టర్, మరో ఇద్దరు హెల్పర్లు నా వెనకే ఎక్కారు.

"ఏం చేస్తున్నావ్?"

ఆమె లేచి నిలబడింది. "సారూ, బ్రష్షు ఆ రంగు కాడ తట్టుకుంటుంది. నీళ్లు దాని చుట్టే నిలుస్తున్నయి, మట్టి ఆడనే పేరుకుంటుంది. ఒక్క మరక కనపడొద్దంటివి గద."

"అది మరకా? దేవుడి బొట్టు మరకా నీకు?"

అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. నేను ఆపలేదు.

"నీకు లేదని వాటికి కూడా లేకుండా చేస్తున్నావా?"

ఒక హెల్పర్ కిసుక్కుమన్నాడు. ఫిట్టర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె చేతిలో గుడ్డ కిందపడింది. వంగి తీసుకుంది, డబ్బా మూత పెట్టింది, బకెట్టు తీసుకుని దిగిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బహుశా నేను ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ని.

తుడిచిన వాటికి మళ్లీ బొట్లు వేయిద్దామనుకున్నాను. పెయింటర్ వేరే సైటుకు వెళ్లిపోయాడు. ఆ పని అలా ఉండిపోయింది. ఆమె పనికి వస్తూనే ఉంది. బొట్ల జోలికి మళ్లీ పోలేదు, నా ముఖం చూడటం కూడా మానేసింది.

మార్చి చివర్లో, భోజనాల వేళ, గోడౌన్‌లోంచి కేక వినపడింది. లోపలికి పరుగెత్తాను. కప్పులో వెలుతురు కోసం అక్కడక్కడా ఫైబర్ రేకులు వేసి ఉంటాయి. ప్యానెళ్ల పక్కనే ఉన్న ఒక రేకు నల్లగా సాగి, దాన్నుంచి మంటతో ఉన్న ప్లాస్టిక్ చుక్కలు చుక్కలుగా రాలుతోంది. కింద పేర్చినవి అట్టపెట్టెలు. ఒక దొంతర అప్పుడే అంటుకుంది. కుర్రవాళ్లు ఇసుక, సిలిండర్లతో దాని మీద పడ్డారు. నేను స్విచ్ రూంలోకి వెళ్లి సోలార్ మెయిన్ ఆపేశాను. బయటికి వచ్చి కప్పు మీదికి చూసి అరిచాను. ఫిట్టర్ అప్పటికే పైన ఉన్నాడు.

"మెయిన్ ఆఫ్ చేశాను! వైరు లాగెయ్!"

అతను నన్ను నమ్మి లాగాడు.

నేను ఆపింది కింద. పైన ఎండ ఆగలేదు కదా. వెలుతురు పడుతున్నంతసేపూ సెల్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, దానికి స్విచ్ అంటూ ఉండదు. కాలి అతుక్కుపోయిన వైర్లలో కరెంటు తిరుగుతూనే ఉంది. కనెక్టర్ విడిపోయే చోట నీలం మంట లేచింది. అతని కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది. అతని గొంతు కూడా నేను గుర్తుపట్టగలిగిన గొంతే, కానీ ఆ కేకలో గుర్తుపట్టలేకపోయాను.

ఎవరికి తట్టిందో, లారీ మీది టార్పాలిన్లు తెచ్చి ప్యానెళ్ల మీద కప్పారు. చీకటి చేస్తే తప్ప ఆ వైర్లు చావలేదు. మంటలు ఆరాయి. కింద కాలింది ఒకటి రెండు దొంతరలే. ఫిట్టర్‌ను ఆస్పత్రికి పంపాం.

సాయంత్రానికి ఫ్యాక్టరీ అంతా ఒకే మాట. "బొట్లు చెరిపింది గదా, గందుకే." నేను కాదనలేదు. మేనేజర్ కారణం అడిగితే ఇంకో అడుగు ముందుకు వేశాను. "థిన్నర్ వేసి రుద్దిందండీ. దాంతో అద్దం చుట్టూ సీలు పోయి నీళ్లు దిగుంటాయి" అన్నాను. టార్పాలిన్ ఎత్తి ఏ ప్యానెల్ కాలిందో మాత్రం చూడలేదు.

మర్నాడు ఉదయం ఆమె బ్రష్షు కర్రతో గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. నేను వెళ్లాను. షిఫ్టు మారే వేళ, జనం ఆగి చూస్తున్నారు.

"సారూ, ఏది కాలింది?" అంది. "నేను తుడిచిందేనా?"

నేను ఇప్పటికీ ఈ చోట ఆగిపోతాను. ఆమె నన్ను నిలదీయడానికి అడగలేదు. భయపడుతూ అడిగింది. ఆ అడగడంలోనే సగం ఒప్పేసుకుంది. తెలియదమ్మా, ఇంకా చూడలేదు అంటే సరిపోయేది. అది నిజం కూడా.

"అదే" అన్నాను.

"ఆ తమ్ముని చెయ్యి?"

"కాలింది. ఇక నువ్వు పనికి రానక్కర్లేదు."

ఆమె తన రెండు చేతులూ చూసుకుంది. కొంగు కిందికి లాక్కుని వెనక్కి తిరిగింది. బ్రష్షు కర్ర గేటుకు ఆనించే వదిలేసింది.

వారం తిరక్కుండానే ప్యానెళ్ల కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చింది. మా అమ్మాయి వయసుంటుంది. చేతిలో వేడిని చూపించే కెమెరా. ఫిట్టర్ కట్టు కట్టిన చేత్తోనే వస్తానన్నాడు. మేనేజర్, నేను, వాళ్లిద్దరూ పైకెక్కాం. ఇంజనీరు కాలిన ప్యానెల్‌ను వైర్ల నుంచి తప్పించి, టార్పాలిన్లు తీయించి, మెయిన్ వేయించింది. ఎండలో కాసేపు ఆగి కెమెరా ఆన్ చేసింది.

తెరమీద మొదటి ప్యానెల్ మొత్తం మసక ఊదారంగులో ఉంది. పై మూల ఒక్క సెల్ మాత్రం తెల్లగా మండుతోంది. ఆమె కెమెరాను పక్కకు జరిపింది. రెండో ప్యానెల్. అదే మూల, అదే తెలుపు. మూడోది. నాలుగోది. ఒక్కొక్కటీ నుదుట నిప్పు అంటించుకుని నిలబడినట్టు వరుసంతా తెరమీద నడిచింది. మామూలు కళ్లతో చూస్తే అక్కడ పసుపు, ఎరుపు. నేను పెట్టించిన బొట్లు.

"ఈ పెయింట్ ఎవరు వేశారు సార్?"

నేను రెయిలింగ్ పట్టుకున్నాను. అది ఎండకు కాలుతోందని చెయ్యి ఎర్రబడ్డాక గానీ తెలియలేదు.

"అరచేతంత రంగేగా అమ్మా" అన్నాను. "అంత మేరకే కదా తగ్గాలి?"

"లేదు సార్. స్లాబ్ పోసేటప్పుడు కూలీలు వరుసలో నిలబడి తట్టలు అందిస్తారు చూశారా? సెల్స్ అలాగే ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అందరూ ఒకే వేగంతో అందించాలి. మధ్యలో ఒకరి చేతులు కట్టేస్తే ఏమవుతుంది? వెనకవాళ్లు తోస్తూనే ఉంటారు, ఆ బరువంతా అతని మీదే పడుతుంది. రంగు పడ్డ సెల్‌కి వెలుతురు చాలదు, అది కరెంటు ఇవ్వలేదు. మిగతా సెల్స్ తోసేదంతా దాంట్లో వేడిగా మారుతుంది. నీళ్లు మరిగేంత వేడి."

ప్యానెల్ వెనక చిన్న నల్లపెట్టె చూపించింది. కరెంటు అలాంటి చోటును తప్పించుకుని పోవడానికి అందులో పక్కదారి ఉంటుందట. ఎప్పుడో ఒకసారి నీడ పడితే వాడుకోవడానికి పెట్టింది. మావి దసరా నుంచి ప్రతి పగలూ ఆ దారిలోనే నడిచాయి. ఒకదాంట్లో ఆ దారి కాలి తెగిపోయింది. ఇక వరుస మొత్తం తోపు ఆ ఒక్క సెల్ మీద పడింది. వంగి ప్యానెళ్ల వెనక చూపించింది. ప్రతి బొట్టు వెనకా తెల్లటి పొర మాడిన రొట్టెలా గోధుమరంగుకు తిరిగి ఉంది.

"కరెంటు తగ్గలేదా సార్ మీకు?" అని అడిగింది.

తగ్గింది. అందుకే కడిగే ఆమెను ఇంకా గట్టిగా రుద్దమన్నాను.

కెమెరా రెండో వరుసకు వచ్చింది. ఉన్నట్టుండి తెర ప్రశాంతంగా అయిపోయింది. ప్యానెల్ తర్వాత ప్యానెల్, మూల నుంచి మూలకు ఒకే మసక రంగు. ఇంజనీరు కళ్లు చిట్లించింది. "ఈ సగం ఎందుకు బాగుంది?"

ఫిట్టర్ నన్ను చూడకుండా చెప్పాడు. "గవి అక్క తుడిచినవి మేడమ్."

కాలిన ప్యానెల్ మొదటి వరుసలోది. అద్దం పొడిపొడి అయినా పై మూలలో పసుపు అంచు ఇంకా అతుక్కుని ఉంది. ఆ వరుసను ఆమె థిన్నర్‌తో ముట్టుకోనే లేదు.

ఇంజనీరు కిందికి దిగాక మేనేజర్ గొంతు తగ్గించారు. "చూడండి, పూజ వల్ల నిప్పు పుట్టిందంటే రేపు మనల్నందర్నీ తిడతారు. ప్యానెల్లో ఏదో లోపం అనుకుందాం. దీన్ని ఇక్కడితో వదిలేయండి."

"మరి అక్కను పిలిపిస్తరా సార్?" అన్నాడు ఫిట్టర్.

"పిలిపిస్తే ఎందుకు పంపారని అడగరా?" అన్నారు మేనేజర్.

ఫిట్టర్ నా వైపు చూశాడు. కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, చాలాసేపు చూశాడు. నేను నా బూట్లు చూసుకున్నాను. ఆ సాయంత్రం బొట్లన్నీ తుడిపించాం, ఆమె వాడిన ఆ డబ్బా థిన్నర్‌తోనే. కరెంటు మళ్లీ పెరిగింది. మెయింటెనెన్స్ బాగా చేయించారని మీటింగులో నన్ను మెచ్చుకుని చప్పట్లు కొట్టారు. వెళ్లి ఆమెకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. కొండాపూర్ ఎంత దూరం, అరగంట దారి. ఆ అరగంట దారిని ఇన్నేళ్లు సాగదీశాను. మోకాళ్లు అరిగాయని ముందుగా రిటైర్మెంట్ తీసుకుని అమీన్‌పూర్‌లో ఫ్లాటు కొనుక్కుని, పిల్లలకు పాఠాలు చెప్పే పెద్దమనిషినయ్యాను.

ఐటీఐ నుంచి వచ్చిన రోజు ఫిట్టర్‌కు ఫోన్ చేశాను. ఇప్పుడు అతను జోగిపేటలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాడు. విషయం చెప్పాను.

"ఇన్నొద్దులకు యాదికొచ్చిందా సార్" అన్నాడు. ఆమె ఉండే ఊరు చెప్పాడు.

"నువ్వు కూడా రారాదూ?"

"నేనెందుకు సార్? ఆ మాట అన్నది మీరు. మీరే పోండ్రి."

వెళ్లాను. ఆమె తమ్ముడి పొలంలో చిక్కుడుకాయలు తెంపుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి లేచింది. గట్టు మీద బోరుకు పెట్టిన సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి, దుమ్ము పట్టి మసకబారి. ఆమె మరదలు నీళ్లిచ్చింది. ఫ్యాక్టరీ సారునని తెలిసి నవ్వుతూ ఫిర్యాదు చేసింది.

"మీ దగ్గర ప్లేట్లు కడిగే పని చేసిందంట గద సార్. జెర చెప్పుండ్రి మా వదినెకు. గా ప్లేట్ల దిక్కే పోదు. గిన్ని నీళ్లు కొట్టు వదినా అంటే, నా చెయ్యి మంచిది గాదంటది. మొన్న మా బిడ్డ పెండ్లిల పసుపు గూడ ముట్టలే. కొత్త బండి తెస్తే దూరమే నిలబడ్డది. ఎన్నేండ్లు సార్, ఒక ముచ్చటనా?"

నీళ్ల గ్లాసు నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఉద్యోగం పోగొట్టాను అనుకుంటూ వచ్చాను నేను. ఒక మనిషికి తన చేతుల మీదే భయం పుట్టించానని అప్పటిదాకా నాకు తెలియదు. ఆమె చేతులు అప్పటికే కొంగు కిందికి వెళ్లిపోయాయి.

అంతా చెప్పాను. కెమెరా, తెల్లగా మండిన మూలలు, బొట్లు పెట్టిన వరుసల్లో ఆమె తుడిచినవి మాత్రమే చల్లగా ఉండటం. ఆమె వింటూ నిలబడింది.

"మరి నేను అడిగితే అదే అంటివి గద?"

"చూడకుండా అన్నానమ్మా."

"చూడకుంటనే?" అంది. మళ్లీ అంది. "చూడకుంటనే అన్నవా సారూ?"

మరదలు ముఖంలో నవ్వు పోయింది.

"ఆ తమ్ముని చెయ్యి ఎట్లున్నది?"

"ఒక వేలు వంగదు. మిగతా బాగానే ఉంది. అది కూడా నీ వల్ల కాదు. మెయిన్ ఆపాను లాగమని అరిచింది నేను."

ఆమె తల ఊపింది. నన్ను క్షమించమని అడిగాను. ఆ మాట విననట్టే ఉండిపోయింది. చివరికి చిక్కుడు పాదు వైపు చూస్తూ అంది.

"ఆడ అందరు ఇనంగ అన్నవు. గీడ నాకొక్కదానికే చెప్పవడితివి."

తిరిగి వచ్చేటప్పుడు కారు దగ్గర నుంచి వెనక్కి చూశాను. ఆమె ప్యానెళ్ల దగ్గరికి నడిచి వెళ్లి నిలబడి ఉంది. కడగలేదు. ఊరికే చూస్తోంది.

ఐటీఐకి మళ్లీ వెళ్లాను. ఆ అబ్బాయిని లేపి, ఆ కథ మళ్లీ చెప్పమన్నాను. నవ్వు వచ్చే చోటికి రాకముందే ఆపి, మిగతాది నేను చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆ అబ్బాయే అడిగాడు, "అయితే ప్లేట్లకు బొట్టు పెట్టొద్దా సార్?" పెట్టుకోండి, చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేముకు పెట్టండి, వెలుతురు పడే చోట వద్దు అన్నాను. రాసుకున్నారు.

ఆ ఒక్క క్లాసు చాలదు. నేను అన్న మాట ఎన్ని ఊళ్లు తిరిగిందో నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. రేపు మీరు ఏ ఫ్యాక్టరీలోనో పనికి చేరతారు. టీకొట్టు దగ్గర ఎవరో ఈ కథ మొదలుపెడతారు. ఆ ఆడమనిషి బొట్లు చెరిపిందనే దాకా చెప్పనివ్వండి, అది నిజమే. ఆ తర్వాత అందరికీ నవ్వు తెప్పించే మాట ఒకటి వస్తుంది. అక్కడ ఆపండి. ఆ మాట అన్నవాడే అది తప్పని చెప్పాడని, బొట్లు వేసినవాటిలో ఆమె చెయ్యి పడ్డవి మాత్రమే మాడకుండా మిగిలాయని, అందరూ వినేలా చెప్పండి.